శిలపై వ్రాసిన వైద్యధర్మము: రుద్రమదేవి

ఓరుగల్లు కోటలోని కీర్తితోరణముల నడుమ నిలిచి కాకతీయులను దలంచుకొనువారికి, రుద్రమదేవి యనగానే కత్తి చేబట్టి గుఱ్ఱమెక్కిన వీరనారి మూర్తి కన్నులగట్టును. అది యుచితమే. కాని యామె కీర్తికి కోటగోడల కంటె గట్టి సాక్ష్యమొకటి ఓరుగల్లుకు దూరముగా, కృష్ణానది దక్షిణతీరమున, గుంటూరు మండలములోని మల్కాపురమున నున్నది. అది యొక శాసనస్తంభము. ప్రజల వైద్యమునకై యేర్పఱచిన సొత్తు ఎక్కడిది, ఏ పనికెంత, ఎవరి చేతిలో నుండవలెను అను లెక్కను నలుగురు చూచుచోట నిలిపిన శిల యది. ఆ శిల యెదుట నిలిచి రాణి చరిత్రను చదువవలెనని మా యభిప్రాయము.

రుద్రమ గణపతిదేవ చక్రవర్తి కుమార్తె. 1199 మొదలు ఆఱు దశాబ్దములకు మించి రాజ్యమేలిన యా ప్రభువు, తన యనంతరము రాజ్యభారము కుమార్తెకే యప్పగింప నిశ్చయించి, 1260 ప్రాంతమున ఆమెను పాలనలో భాగస్వామినిగా జేసికొనెను. ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతో శాసనములకెక్కినది. నిడదవోలు చాళుక్యవంశమునకు జెందిన వీరభద్రుడు ఆమె భర్త. దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి రాగా ఆమె వానిని వెనుకకు మరలించినది. బీదరుకోటలో దొరకిన యామె శాసనము ఆ విజయమునకు గుఱుతు. తండ్రి యారంభించిన ఓరుగల్లు రాతికోటను ఆమెయే పూర్తి గావించినది.

విషయమును దాచక ప్రకటించుట ఆ యింటి సంప్రదాయము. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానులో జిక్కి తీరమునకు గొట్టుకొని వచ్చిన యోడల సరకును పూర్వపు రాజులు కాజేయుచుండిరి. ఆ దురాచారమును మానితినని చెప్పి, ఏ సరకునకెంత సుంకమో ఆ రాజు ఱాతిపై చెక్కించెను. సుంకము అధికారి నోటిలో గాక శిలపై నుండుటచే పరదేశపు వర్తకుడు నిర్భయుడయ్యెను. తరువాత ఆ తీరమును గూర్చి వ్రాసిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో, ఆ రాజ్యమేలిన రాణిని న్యాయప్రియురాలని శ్లాఘించెను. ఆమెను రాజుగారి కుమార్తె యనక వితంతువని వ్రాయుట మాత్రము ఆతని పొరపాటు.

తండ్రి వర్తకునకు జేసిన మేలు కుమార్తె పాలనలో రోగికిని గర్భిణికిని లభించినది. గణపతిదేవుని గురువు విశ్వేశ్వర శివాచార్యుడు. ఆయనకు మందడము గ్రామమును ఇత్తునని చక్రవర్తి వాగ్దానము చేసియుండెను. 1261లో రుద్రమ ఆ మాట చెల్లించి, వెలగపూడిని గూడ జేర్చి ధారవోసినది. ఆచార్యుడు ఆ సొత్తుతో దేవాలయమును, మఠమును, విద్యాలయమును ఏర్పఱచి, ఆదాయములో ఒక భాగమును మూడు పాళ్లు గావించెను. ఒక పాలు ప్రసూతిశాలకు, ఒక పాలు ఆరోగ్యశాలకు, ఒక పాలు అన్నసత్రమునకు. ఆకొని వచ్చినవారికి జాతిభేదము లేక అన్నము పెట్టవలెనని నియమము. బోధించు పండితులతో పాటు ఒక వైద్యునకును, లెక్కలు వ్రాయు ఒక కాయస్థునకును జీతభూములు నిర్ణయింపబడెను. ధర్మకర్త యనుచితముగా వర్తించినచో ఆతనిని తొలగించి వేఱొకని నిలుపుటకు శైవసమాజమునకు అధికార మీయబడెను. జయంతి రామయ్య పంతులుగారు ఈ శాసనమును పరిష్కరించి ప్రకటించి యాంధ్రలోకమునకు మహోపకారము చేసిరి.

వైద్యుని ప్రక్కనే లెక్కగాడు, వారిరువురిపై తొలగింపదగిన ధర్మకర్త! పాఠకులు ఈ యమరికను గమనింతురు గాక. దానము చేసిన రాజులు మన దేశమున పెక్కుమంది గలరు. దానమును ఱాతిపై వ్రాయించుటచే ప్రజలకు గలిగిన లాభమేమనగా, అది దయగా నుండక హక్కుగా మాఱినది. నా పాలు ఏదియని యడుగుటకు ఆధారమేర్పడినది.

శిలపై వ్రాసినదంతయు ఆచరణలో సాగినదని మేము వాదింపము. శాసనములోని దానవివరములు సంస్కృతశ్లోకములలో నున్నవి. పురిటినొప్పులతో వచ్చిన పల్లెపడుచు వానిని చదివియుండదు. చదువరియైన యొకడు చదివి చెప్పవలసినదే. చెప్పువాడు లేనినాడు శిల మూగది.

రుద్రమ తుదిదినములలో కాయస్థ అంబదేవుడు తిరుగబడెను. నల్లగొండ మండలములోని చందుపట్ల శాసనము ఆమె మరణమును దెలుపుచున్నది. దాని తేది 1289 నవంబరు 27. ఆమెతో పాటు సేనాని మల్లికార్జున నాయకుని మరణమును గూడ అది పేర్కొనుటచే, రాణి యుద్ధభూమియందే యొఱగినదని చరిత్రకారు లూహింతురు. మనుమడు ప్రతాపరుద్రునితో 1323లో రాజ్యమే యంతరించినది. ఆరోగ్యశాల గోడలు నేడు లేవు. లెక్క మాత్రము మిగిలినది.

నేడు ఓరుగల్లున మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల యున్నది. పల్లెలలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రములున్నవి. 2005 నాటి సమాచారహక్కు చట్టపు నాలుగవ సెక్షను, ప్రతి ప్రభుత్వసంస్థయు ఎవరును అడుగకమునుపే తన యుద్యోగుల వివరములను, వారి జీతములను, తనకు వచ్చిన నిధులను, వాని వ్యయమును స్వయముగా ప్రకటింపవలెనని విధించినది. స్థానికభాషను గమనింపవలెనని కూడ చెప్పినది. ఇది మల్కాపుర శిలకు నేటి రూపమే, శ్లోకముల లోపమును దిద్దిన రూపము.

కావున భూవసతియు విద్యయు గల పెద్దలకు మా మనవి యొక్కటి. మీ యూరి ఆరోగ్యకేంద్రమునకు వెళ్లినపుడు మందుల పట్టిక, వైద్యుడుండు వేళలు, వచ్చిన సొమ్ము, వెచ్చించిన సొమ్ము తెలుగున వ్రాసి గోడపై నున్నవేమో చూడుడు. ఉన్నచో చదువురాని వానికి చదివి వినిపింపుడు. లేనిచో వినయముగా, విడువక అడుగుడు. రుద్రమదేవికి విగ్రహము లెత్తుట మంచిదే. ఆ తల్లి కాలపు శిల చెప్పిన లెక్కను మన గోడలచే జెప్పించుట అంతకంటె మంచిది.