మానస సరోవరాన్ని కొలిచిన తెలుగు సన్యాసి: స్వామి ప్రణవానంద గారి కథ



కైలాసం మాట ఎత్తితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డులు వరదలా వచ్చేస్తాయి. అక్కడ వెయ్యేళ్ళ యోగులు కనిపిస్తారని ఒకరు, సరోవరంలో బంగారు తామరలు పూస్తాయని ఇంకొకరు, అక్కడ కాలమే వేగంగా నడుస్తుందని మరొకరు. నమ్మాలో వద్దో తెలీదు. నమ్మకపోతే భక్తి తక్కువైందేమో అని లోపల ఒక గుబులు.

ఈ గుబులుకి ఒక మనిషి జీవితమే జవాబు. ఆయన మన తెలుగువారు. సన్యాసి. కైలాసం చుట్టూ ఇరవై సార్లకు పైగా ప్రదక్షిణ చేశారు. అంతే శ్రద్ధగా ఆ నేలను, ఆ నీటిని, ఆ దారులను కొలిచి రాసి పెట్టారు. ఆయన పేరు స్వామి ప్రణవానంద. బెంగాల్‌లో భారత్ సేవాశ్రమ సంఘం పెట్టిన ప్రణవానంద గారు వేరు, ఈయన వేరు. ఇద్దరినీ ఒకరే అనుకోవద్దు.

లాహోర్ ఆఫీసు నుంచి సన్యాసం దాకా

స్వామీజీ పూర్వాశ్రమం పేరు కనకదండి వెంకట సోమయాజులు. 1896లో తూర్పు గోదావరి ప్రాంతంలో పుట్టారు. మన గోదావరిఖని పక్కనుంచి పారే నీళ్ళే కిందికి పోయి చేరేది ఆ సీమకి. అంటే ఒక రకంగా మనమూ ఆయనా ఒకే నది ఒడ్డు వాళ్ళం.

చదువు కోసం ఆయన చాలా దూరం వెళ్లారు. లాహోర్‌లో డీఏవీ కాలేజీలో చదివి, అక్కడే రైల్వే అకౌంట్స్ ఆఫీసులో ఉద్యోగంలో చేరారు. అప్పట్లో రైల్వే ఉద్యోగం అంటే మామూలు మాట కాదు. నెల తిరిగేసరికి జీతం, ఊళ్ళో గౌరవం, ఇంట్లో వాళ్ళకి నిశ్చింత. గాంధీగారి సహాయ నిరాకరణ ఉద్యమం మొదలవగానే ఆయన ఆ ఉద్యోగాన్ని వదిలేశారు. పశ్చిమ గోదావరిలో కాంగ్రెస్ కార్యకర్తగా 1926 దాకా పని చేశారు.

ఆ తర్వాత ఆయన మనసు హిమాలయాల వైపు తిరిగింది. స్వామి జ్ఞానానంద గారికి శిష్యులయ్యారు. ఆ గురువుగారి కథ కూడా తెలుసుకోవాలి. ఆయన భీమవరం దగ్గర గొరగనమూడి వారు, పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. వయసులో గురువు, శిష్యుడు దాదాపు సమానమే. జ్ఞానానంద గారు హిమాలయాల్లో తపస్సు చేసి, తర్వాత యూరప్ వెళ్లి ఫిజిక్స్ పరిశోధకులయ్యారు. ప్రేగ్‌లో, లివర్‌పూల్‌లో పనిచేసి తిరిగొచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేశారు. కాషాయం కట్టుకుని ప్రయోగశాలలో నిలబడ్డ గురువు ఆయన. శిష్యుడికేమో హిమాలయమే ప్రయోగశాల అయింది.

మొదటి యాత్ర, ఆ తర్వాత ఆగని నడక

1928లో ప్రణవానంద గారు మొదటిసారి కైలాసం వెళ్లారు. కాశ్మీర్ నుంచి లదాఖ్ మీదుగా, పశ్చిమ టిబెట్ దాటుకుంటూ. అప్పటికి జీపు రోడ్డు లేదు, ఆక్సిజన్ సిలిండర్ లేదు, హెలికాప్టర్ మాటే లేదు. దారి తెలిసిన మనిషి, సామాన్లు మోసే జడల బర్రె, సత్తు పిండి, గుడారం. ఇంతే ఆస్తి. దారిలో దొంగల భయం కూడా ఉండేది.

1935 నుంచి ఆయన దాదాపు ప్రతి ఏడూ వెళ్లారు. ఒకే దారిలో కాదు. గఢ్వాల్ వైపు నుంచి, కుమావూ వైపు నుంచి, వేర్వేరు కనుమలు దాటుకుంటూ. ప్రతి మజిలీకి ఎంత దూరం, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ దిగాలి, జంతువులను ఎక్కడ కిరాయికి తీసుకోవాలి, టిబెటన్ భాషలో ఏ మాటకి ఏమనాలి, అన్నీ రాసుకున్నారు. 1938లో యాత్రికుల కోసం ఒక గైడు పుస్తకం వేశారు. 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆయన టిబెట్ అన్వేషణల పుస్తకం ప్రచురించింది. 1949లో కైలాస్ మానససరోవర్ అనే పెద్ద పుస్తకం వచ్చింది. దానికి ముందుమాట రాసింది జవహర్‌లాల్ నెహ్రూ గారు.

ఒక్కసారి ఆలోచించండి. తాను దర్శనం చేసుకుని మోక్షం చూసుకుంటే సరిపోయేది కదా? తన వెనక వచ్చే ముక్కూ మొహం తెలీని యాత్రికుడు దారి తప్పకూడదని ఒక సన్యాసి మైళ్ళు లెక్కపెట్టాడు. అన్నదానం లాగే ఇది దారిదానం.

సరోవరం ఒడ్డున ఒక చలికాలం

మామూలు యాత్రికులు ఎండాకాలంలో వెళ్లి, వానలు తగ్గేలోపు తిరిగొచ్చేస్తారు. చలికాలంలో మానస సరోవరం ఎలా ఉంటుందో మనవాళ్ళలో చూసినవాళ్ళు చాలా తక్కువ. ప్రణవానంద గారు 1936–37లో దక్షిణపు ఒడ్డున ఉన్న తుగోల్హో గొంపాలో, టిబెటన్ భిక్షువుల మధ్య, ఏడాది పాటు ఉండిపోయారు. 1943–44లో మళ్ళీ ఇంకో చలికాలం గడిపారు.

ఆ ఒడ్డు ఎత్తు దాదాపు 4,590 మీటర్లు. డిసెంబరు చివరికి సరస్సు మొత్తం గడ్డకట్టేస్తుంది. పైన మంచు పలక పగిలి పెద్ద పెద్ద చీలికలు వస్తాయి, ఉరుముల్లాంటి చప్పుళ్ళు వస్తాయి. మళ్ళీ కరిగేది మే నెలలో. ఆయన ఈ మార్పుల్ని ఓపికగా గమనించి రాశారు. పక్కనే ఉన్న రాక్షసతాల్ మానస్ కంటే ముందే గడ్డకడుతుందని, దాని మంచు మీద బరువులు మోసే జంతువులు కూడా నడిచి పోతాయని, మానస్ మీద మాత్రం అలా పోలేరని గుర్తించారు. రెండు సరస్సులూ పక్కపక్కనే. గుణం మాత్రం వేరు.

సరస్సు చుట్టుకొలత దాదాపు 54 మైళ్ళని, లోతు సుమారు 300 అడుగులని ఆయన పుస్తకం చెబుతుంది. అంతకుముందు 1907లో స్వీడన్ అన్వేషకుడు స్వెన్ హెడిన్ ఇక్కడ పడవ వేసి లోతులు కొలిచారు. స్వామీజీ కూడా సరస్సుల లోతు చూడటానికి ఒక పడవ సమకూర్చుకున్నారు. దాని పేరు జ్ఞాన నౌక. ఆ పేరులో గురువుగారి పేరు కూడా వినిపిస్తుంది చూడండి.

నాలుగు నదులు, ఒకే కొలబద్ద

టిబెటన్లు కైలాస మానస ప్రాంతం నుంచి నాలుగు నదులు పుడతాయంటారు. ఏనుగు నోటి నుంచి సట్లెజ్, సింహం నోటి నుంచి సింధు, గుర్రం నోటి నుంచి బ్రహ్మపుత్ర, నెమలి నోటి నుంచి కర్ణాలి. అసలు జన్మస్థానాలు ఎక్కడ? ఇదే పెద్ద ప్రశ్న.

హెడిన్ దీనికి జవాబు చెప్పేశానని ప్రకటించారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. మన స్వామీజీ అదే నేల మీద నడిచి చూసి, ఒక చిన్న ప్రశ్న అడిగారు. నది పుట్టుక తేల్చడానికి మూడు పద్ధతులు ఉన్నాయి. స్థానికులు తరతరాలుగా ఏది జన్మస్థానం అంటున్నారు అన్నది ఒకటి. ఏ పాయ పొడవు ఎక్కువ అన్నది రెండు. ఏ పాయలో నీళ్ళు ఎక్కువ అన్నది మూడు. హెడిన్ ఒక నదికి పొడవు చూశారు, ఇంకో నదికి నీటి పరిమాణం చూశారు, మరోదానికి సంప్రదాయం పట్టుకున్నారు. ఇదెక్కడి న్యాయం? ఏ పద్ధతైనా సరే, నాలుగు నదులకీ అదే వాడాలి కదా. అలా చూసి, బ్రహ్మపుత్ర పుట్టుక హెడిన్ చెప్పిన కుబీ హిమానీనదం దగ్గర కాదని, చెమాయుంగ్‌దుంగ్ వైపు ఉందని ఆయన వాదించారు.

చేతిలో పెద్ద దండు లేదు, రాజుల కొలువు లేదు. కాళ్ళతో నడిచి, కళ్ళతో చూసి, ప్రపంచ ప్రఖ్యాత అన్వేషకుడితో వాదానికి నిలబడ్డారు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకి ఫెలోషిప్ ఇచ్చింది. 1976లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

తామరలు లేవని చెప్పిన భక్తుడు

ఇప్పుడు మొదట్లో అనుకున్న గుబులు దగ్గరికి వద్దాం.

ఆయన కాలంలోనూ ఫార్వర్డులు ఉన్నాయి. వాట్సాప్ బదులు పత్రికల్లో వచ్చేవి. కైలాసంలో వేల ఏళ్ళ మహాత్ముల్ని చూశామని కొందరు యాత్రికులు తిరిగొచ్చి రాసేవారు. ఏళ్ళ తరబడి అక్కడ తిరిగిన స్వామీజీ, తనకి అలాంటివాళ్ళు ఎవరూ కనిపించలేదని సూటిగా రాశారు. మానస సరోవరంలో తామరలు లేవని కూడా రాశారు. గడ్డకట్టిన నీళ్ళు చూసిన మనిషి కదా, ఊరికే పూలు పూయించలేరు.

అలా రాస్తే భక్తులకి కోపం రాదా? వచ్చే ఉంటుంది. అయినా ఆయన ప్రదక్షిణలు ఆపలేదు. చలికాలం మొత్తం ఆ ఒడ్డునే కూర్చుని సాధన చేశారు. ఆ చోటు మనిషి మనసుని పైకి ఎత్తుతుందనే ఆయన నమ్మకం. తామర లేకపోతే తగ్గిపోయే మహిమ అయితే, ఆయన అన్నిసార్లు ఎందుకు వెళతారు?

మన దగ్గర బొగ్గుబాయి పనికి పోయే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది. షిఫ్ట్ మొదలయ్యే ముందు సర్దార్ లోపల గ్యాస్ ఉందా అని చూస్తాడు, పైకప్పు తట్టి చూస్తాడు. తట్టి చూసినంత మాత్రాన ఆయనకి దేవుడి మీద నమ్మకం లేదని ఎవరూ అనరు. బాయి దిగేముందు దండం పెట్టేదీ ఆయనే, పైకప్పు తట్టేదీ ఆయనే. తన మాట నమ్మి లోపలికి వచ్చే మనుషుల ప్రాణం ఆయన చేతిలో ఉంటుంది. ప్రణవానంద గారి పుస్తకం నమ్మి కొండెక్కిన యాత్రికులకీ అంతే. ఒక అబద్ధపు మైలు అక్కడ ప్రాణం తీస్తుంది.

ఆ దారి మూసుకున్నాక

1950లలో టిబెట్ చైనా చేతుల్లోకి వెళ్ళాక, ఆయనకి ఆ దారులు దూరమయ్యాయి. ఆయన ఊరికే కూర్చోలేదు. ఉత్తరాఖండ్‌లో మనిషి ఎముకలతో నిండిన రూప్‌కుండ్ సరస్సు దగ్గరికి వెళ్లి, ఆ చనిపోయినవాళ్ళు ఎవరో తేల్చడానికి ప్రయత్నించారు. 1989లో దేహం విడిచారు.

1962 తర్వాత మూతపడిన యాత్ర 1981లో మళ్ళీ మొదలైంది. కోవిడ్ వల్ల 2020లో ఆగి, 2025లో తిరిగి ప్రారంభమైంది. లిపులేఖ్, నాథులా దారుల్లో ప్రభుత్వం యాత్రికుల్ని పంపుతోంది.

మీరు వెళ్ళాలనుకుంటే

మన జ్యోతినగర్ ఎత్తు 200 మీటర్లు కూడా ఉండదు. కైలాస ప్రదక్షిణ దాదాపు 52 కిలోమీటర్లు, సాధారణంగా మూడు రోజుల నడక. రెండో రోజు దాటే డోల్మా లా కనుమ 5,600 మీటర్లు దాటి ఉంటుంది. అక్కడ మనకి అందే ఆక్సిజన్ ఇక్కడితో పోలిస్తే సగమే. కాబట్టి మెల్లగా ఎత్తుకి అలవాటు పడాలి. తలనొప్పి, వాంతులు, అయోమయం మొదలైతే దాచకుండా గైడ్‌కి చెప్పాలి, కిందికి దిగాలి. శివయ్య చూసుకుంటాడులే అని మెడికల్ టెస్టులో బీపీ దాచిపెట్టడం భక్తి అనిపించుకోదు. తోటివాళ్ళ యాత్రని కూడా ప్రమాదంలో పెట్టినట్టే. ఇక కైలాస శిఖరం ఎక్కాలనే ఆలోచన వద్దు. 6,638 మీటర్ల ఆ కొండ మీద ఎవరూ కాలు పెట్టలేదు. హిందువులు, బౌద్ధులు, జైనులు, బోన్ మతస్థులు అందరూ చుట్టూ తిరిగి మొక్కేదే.

వెళ్ళలేనివాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఈసారి కైలాసం మీద ఏదైనా ఫార్వర్డ్ వస్తే, పంపేముందు ఒక్క నిమిషం ఆగి, ఇది నిజమేనా అని వెతకండి. నిజం కాకపోతే మీ దగ్గరే ఆపేయండి. ప్రణవానంద గారి పేరు మీద మనం ఇంట్లో కూర్చుని చేయగలిగిన ప్రదక్షిణ అది.

ఈ పోస్ట్ నచ్చితే అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి.

హర హర మహాదేవ శంభో శంకర!