డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

విద్యార్థులారా! 2001లో గనులు మూతపడిన పిమ్మట మన కోలారు బంగారు గనుల ఊళ్ళలో చదువే పిల్లలకు ఆధారమైనది. కావుననే పరీక్షలో తప్పిన పిల్లవానిని చూచి తల్లిదండ్రులు దిగులుపడుదురు. అట్టివారికై మేము ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషనులో రెండు మారులు తప్పి, మూడవ మారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు నిలిచినందున ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి.

స్ప్రూ అను గ్రహణి వ్యాధి వారి సోదరుల నిద్దఱను కబళించెను. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి మనుష్యుడు కృశించు రోగమది. ఆనాడు దానికి మందు లేదు. ఆ దుఃఖము వారి మనస్సున నిలిచిపోయెను.

1922లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రి కూలిపని చేయుచు హార్వర్డులో చదివిరి. ఫిస్కేతో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని, 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచట వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసి 1945లో ప్రకటించెను.

లాటినులో ఫోలియమనగా ఆకు. కణము రెండగుటకు ఈ పదార్థము కావలెను. ఇది కొఱవడిన ఎఱ్ఱకణములు పక్వము గావు. గర్భస్థశిశువు వెన్ను సరిగా మూసికొనకపోవచ్చును. సోదరులను మ్రింగిన స్ప్రూకు ఇదియే ఔషధమయ్యెను.

క్యాన్సరు కణములకును ఇదే కావలెను. కనుక దీనిని పోలి, దీని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను ఆ బృందమే తయారుచేసెను. 1947 చివర బాస్టనులో ఫార్బరుగారు దానిని రక్తక్యాన్సరు పిల్లలకీయగా, కొందఱికి వ్యాధి కొంతకాలము అణగెను. జన్యుసందేశమును కత్తిరించి అతుకు మాంసకృత్తులు చెడినను మజ్జలో రక్తకణములు వికృతమగునని 2011లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ అన్వేషణ నేటికిని సాగుచున్నది.

స్వదేశమునకు మరలకయే, భార్య శేషగిరిగారిని తిరిగి చూడకయే, 1948 ఆగస్టులో 53వ యేట వారు పరమపదించిరి.

బాలలారా! రాగిముద్దతో ఆకుకూర వడ్డించునపుడు మొగము త్రిప్పుకొనకుడు. పెద్దలారా! ఒక మారు తప్పిన బిడ్డను మూడవ మారు వఱకైనను బడికి పంపుడు.