విన్సెంట్ బాక్

విన్సెంట్ బాక్ (1890 మార్చి 24 - 1976 జనవరి 8) ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ట్రంపెట్ విద్వాంసుడు, ఇంజనీరు, ఇత్తడి వాద్యాల నిర్మాత. ఇతని అసలు పేరు విన్సెంజ్ ష్రోటెన్‌బాక్. రంగస్థలం కొరకు పేరును కుదించి బాక్‌గా ప్రసిద్ధి పొందాడు. ప్రఖ్యాత స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాక్‌తో ఇతనికి బంధుత్వం లేదు. ట్రంపెట్ కొలతలను అంకెలలో నిర్ధారించి, ఒకసారి కుదిరిన నాదాన్ని మరల మరల అదే విధంగా రాబట్టాలన్నది ఇతని జీవితాశయం. ఇతని కర్మాగారాలలో తయారైన పాత ట్రంపెట్లు సేకర్తలు, వాద్యకారులు అమితంగా కోరుకునే వాద్యాలలో ముఖ్యమైనవి.

బాల్యము, విద్య

బాక్ వియన్నా సమీపంలోని బాడెన్ పట్టణంలో జన్మించాడు. చిన్నతనంలో వయొలిన్, బ్యూగుల్ అభ్యసించి, పిదప ట్రంపెట్ వైపు మళ్ళాడు. వీనర్ నాయిష్టాట్‌లోని యంత్రనిర్మాణ పాఠశాలలో చదివి 1910లో ఇంజనీరుగా పట్టభద్రుడయ్యాడు. తరువాత ఆస్ట్రియా నౌకాదళంలో నిర్బంధ సైనిక సేవ పూర్తి చేశాడు. ఇంజనీరు ఉద్యోగంలో స్థిరపడక, కార్నెట్ వాద్యకారుడిగా ఐరోపా దేశాలలో కచేరీలు చేస్తూ తిరిగాడు. కార్నెట్ ట్రంపెట్ కంటే పొట్టిగా కనిపించే, దానికి దగ్గరి బంధువైన వాద్యం. యంత్రవిద్య, వాద్యవిద్య రెండూ ఒకే వ్యక్తిలో చేరడం తరువాతి కాలంలో ఇతనికి ఎంతో ఉపకరించింది.

అమెరికా ప్రయాణము

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనపుడు బాక్ ఇంగ్లాండులో ఉన్నాడు. ఆస్ట్రియా దేశీయుడు కావడం వలన అక్కడ అతడు శత్రుదేశపు పౌరుడయ్యాడు. లూసిటానియా ఓడలో బయలుదేరి న్యూయార్కు చేరుకున్నాడు. అప్పుడు అతని చేతిలో అయిదు డాలర్లు మాత్రమే ఉన్నాయని చెబుతారు. కార్ల్ ముక్ నిర్వహణలోని బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో స్థానం సంపాదించి, అటు తరువాత న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరాలో ప్రధాన ట్రంపెట్ వాద్యకారుడిగా పనిచేశాడు. అమెరికా యుద్ధంలో ప్రవేశించిన తరువాత సైన్యంలో చేరి బ్యాండ్‌మాస్టరుగా బాధ్యతలు నిర్వహించాడు.

మౌత్‌పీస్ తయారీ

ట్రంపెట్‌కు చివర అమర్చే చిన్న గిన్నె వంటి భాగాన్ని మౌత్‌పీస్ అంటారు. వాద్యకారుడు పెదవులను దీనికే ఆనించి ఊదుతాడు. గిన్నె వెడల్పులో, అంచు వంపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా అలవాటుపడిన పెదవులకు అది కొత్తదిగానే తోస్తుంది. ఒక పర్యటనలో బాక్ తన మౌత్‌పీస్‌ను పిట్స్‌బర్గ్ నగరంలో ఒక మరమ్మతుదారునికి ఇవ్వగా అది పాడైపోయింది. అటువంటిది మరొకటి చేయించుకోవడానికి దాని కొలతలు ఎక్కడా నమోదు కాలేదు. దానితో తానే మౌత్‌పీస్‌లు తయారు చేయడానికి పూనుకున్నాడు.

1918లో సుమారు 300 డాలర్లతో కాలితో తొక్కే లేత్ యంత్రం కొని, న్యూయార్కులోని సెల్మర్ సంగీత వాద్యాల దుకాణం వెనుక భాగంలో పని ప్రారంభించాడు. ఖాతాదారులు పెరగడంతో 1922 నాటికి మరొక చోటికి మారాడు. అప్పటికి అతని వద్ద 11 మంది పనిచేసేవారు.

బాక్ తన మౌత్‌పీస్‌లకు అంకె, అక్షరం కలిపి గుర్తులు పెట్టాడు. ఇందులో అంకె గిన్నె వ్యాసాన్ని సూచిస్తుంది. అంకె పెరిగిన కొద్దీ వ్యాసం తగ్గుతుంది. అక్షరం లోతును సూచిస్తుంది: ఎ మిక్కిలి లోతైనది, సి మధ్యరకం, ఇ లోతు తక్కువది. ఆ ప్రకారం 1సి వెడల్పైనది, 7సి దానికంటే ఇరుకైనది. ఈ పద్ధతి ఎంతగా వ్యాపించిందంటే, ఇతర తయారీదారులు సైతం తమ మౌత్‌పీస్‌లను బాక్ అంకెలతో పోల్చి చెప్పవలసి వచ్చింది.

ట్రంపెట్ల తయారీ

1924లో బాక్ ట్రంపెట్ల తయారీ మొదలుపెట్టాడు. ఇటలీకి చెందిన వయొలిన్ నిర్మాత స్ట్రాడివారి పేరు మీదుగా వాటికి స్ట్రాడివేరియస్ అని పేరు పెట్టాడు. తక్కువ ధరలో అపోలో, మెర్క్యురీ, మినర్వా వంటి పేర్లతో మరికొన్ని రకాలు కూడా తయారు చేశాడు. 1928లో కర్మాగారం న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతానికి మారింది. ఆ కాలంలోనే ట్రాంబోన్ల తయారీ కూడా ఆరంభమైంది.

ట్రంపెట్ చివర గంట ఆకారంలో విచ్చుకునే భాగాన్ని బెల్ అంటారు. బాక్ ప్రసిద్ధ నమూనాలలో ఇది ఒకే ఇత్తడి రేకుతో తయారవుతుంది. రేకును కత్తిరించి, మడిచి, అంచులను అతికి, ఉక్కు అచ్చుపై సుత్తితో సాగగొడతారు. ఈ అచ్చులకు బాక్ వరుసగా అంకెలు ఇచ్చాడు. 25, 37, 43, 72 వాటిలో పేరొందినవి. మౌత్‌పీస్ అమరే మొదటి గొట్టమైన లీడ్‌పైప్‌లకు కూడా ఇదే తీరున అంకెలు ఉండేవి. వాల్వుల గుండా పోయే గొట్టపు లోపలి వ్యాసం మీడియం రకంలో 0.453, మీడియం లార్జ్‌లో 0.459, లార్జ్‌లో 0.462 అంగుళాలు. వీటి మధ్య తేడా అంగుళంలో నూరవ వంతు కూడా లేకున్నా ఊదేవారికి అది స్పష్టంగా తెలుస్తుంది. ఒక్కొక్క వాద్యానికి ఏ బెల్, ఏ లీడ్‌పైప్ వాడినదీ కర్మాగారంలో కార్డులపై వ్రాసి ఉంచేవారు.

1953లో కర్మాగారం న్యూయార్కు నగరానికి ఆనుకొని ఉన్న మౌంట్ వెర్నన్‌కు తరలింది. 1955లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా ఒకే తరహాకు చెందిన సి శ్రుతి ట్రంపెట్లను బాక్ వద్ద నుండి తీసుకున్నది. ఆ ఆర్కెస్ట్రాలో 1948 నుండి 2001 వరకు ప్రధాన వాద్యకారుడిగా ఉన్న అడాల్ఫ్ హెర్సెత్ వాటిని వాయించడంతో, అమెరికా ఆర్కెస్ట్రాలలో బాక్ సి ట్రంపెట్లకు గొప్ప ఆదరణ కలిగింది.

సంస్థ విక్రయము, మరణము

1961లో, 71 ఏళ్ళ వయసులో, బాక్ తన సంస్థను సెల్మర్ సంస్థకు విక్రయించాడు. ఇతర సంస్థలు కొన్ని అంతకంటే ఎక్కువ ధర ఇవ్వజూపాయని చెబుతారు. నలభై మూడేళ్ళ క్రితం లేత్ యంత్రం పెట్టుకోవడానికి చోటిచ్చిన దుకాణం కూడా సెల్మర్ పేరుతో నడిచినదే. 1964-65లో తయారీ ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్టణానికి మారింది. విక్రయం తరువాత కూడా బాక్ కొంతకాలం సంస్థకు సలహాలిచ్చాడు. 1976 జనవరి 8న మరణించాడు.

పాత బాక్ ట్రంపెట్లను గుర్తించుట

పాత బాక్ ట్రంపెట్ కాలాన్ని నిర్ణయించడానికి ప్రధాన ఆధారాలు రెండు. ఒకటి బెల్ మీద చెక్కిన ఊరి పేరు, రెండవది మధ్య వాల్వు గొట్టంపై ముద్రించిన వరుస సంఖ్య.

* న్యూయార్కు: 1953కు ముందు తయారైన వాద్యాలపై ఈ పేరే ఉంటుంది. బ్రాంక్స్ కూడా నగరంలో భాగమే కనుక, తొలి దుకాణంలో చేసినవాటిని బ్రాంక్స్‌లో చేసినవాటి నుండి ఊరి పేరుతో వేరుచేయలేము. వరుస సంఖ్యను చూడవలసిందే. న్యూయార్కు పక్కన 67 అనే అంకె ఉంటే అది తపాలా మండలం సంఖ్య. అమెరికాలో ఈ సంఖ్యలు 1943లో అమలులోకి వచ్చినందున ఆ వాద్యం అంతకంటే పాతది కాజాలదు.
* మౌంట్ వెర్నన్: 1953 తరువాత, ఎల్క్‌హార్ట్‌కు మారే వరకు. మౌత్‌పీస్‌లపై కూడా ఈ ఊరి పేరు కనిపిస్తుంది.
* ఎల్క్‌హార్ట్: 1964-65 నుండి. తరలింపు సమయంలో మౌంట్ వెర్నన్ నుండి తెచ్చిన భాగాలను ఇక్కడ వాడుకున్నందున, మౌంట్ వెర్నన్ బెల్ కలిగి ఎల్క్‌హార్ట్‌లో పూర్తయిన వాద్యాలు కూడా కొన్ని ఉన్నాయి.

వరుస సంఖ్య తెలిసినపుడు, భద్రపరచబడిన కర్మాగారపు కార్డులతో పోల్చి వాద్యం మొదట ఏ భాగాలతో తయారైనదో చరిత్రకారులు నిర్ణయిస్తారు. బెల్ మార్చబడిన సందర్భాలు ఈ విధంగానే బయటపడతాయి.

ఊరి పేరు కాలాన్ని తెలుపుతుంది కాని వాద్యం మంచిచెడ్డలను తెలుపదు. చెమట, ఉమ్మి తగిలి లీడ్‌పైప్ ఇత్తడిలోని జింకు హరించుకుపోతే పైన గులాబీరంగు మచ్చలు ఏర్పడతాయి. ఇది లోపలి నుండి వచ్చే క్షయం. మధ్య వాల్వును నొక్కకుండా దాని చిన్న గొట్టాన్ని వెలుపలికి లాగినపుడు టప్పుమని శబ్దం వస్తే ఆ వాల్వు బిగువుగా ఉన్నట్లు, రాకపోతే గాలి జారుతున్నట్లు భావిస్తారు. చెక్కిన అక్షరాల అంచులు మాసిపోయి ఉంటే ఆ బెల్‌ను గట్టిగా సానపట్టి మెరుగుపెట్టారని అర్థం. సానలో లోహం పలుచబడి నాదం మారుతుంది. ఈ కారణాల వలన పూతపోయినా చేయి పడని వాద్యాన్ని, కొత్తగా మెరిసే పాత వాద్యం కంటే సేకర్తలు మిన్నగా ఎంచుతారు.

ప్రాముఖ్యత

ఒకే అంకె గల పాత మౌత్‌పీస్‌లను కొలిచి చూసినపుడు కాలాన్ని బట్టి వాటిలో తేడాలు కనిపిస్తాయి. చేతితో సాగగొట్టిన బెల్‌లు కూడా ఏ రెండూ పూర్తిగా ఒకటి కావు. తేడాలు లేకుండా చేయాలని బాక్ జీవితమంతా శ్రమించగా, సేకర్తలు అతని పాత ట్రంపెట్లలో ఆ తేడాలనే వెదుకుతారు. అయితే ఆ తేడాలను పోల్చి చెప్పడానికి వారు వాడే అంకెలు, కొలతలు, కార్డులు బాక్ ఏర్పరచినవే.