హెల్సింకి నుంచి జకార్తా దాకా రహీమ్ సాబ్

1952 జూలై 15. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఒలింపిక్స్ ఫుట్‌బాల్ పోటీ. ఒకవైపు యుగోస్లావియా, మరోవైపు మన భారతదేశం. సగం ఆట అయ్యేసరికే మనమీద ఐదు గోల్స్ పడ్డాయి. ఆట ముగిసేసరికి పదికి ఒకటి. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు అంత ఘోరంగా అంతకు ముందూ ఓడలేదు, ఆ తర్వాతా ఓడలేదు.

క్రికెట్‌లో మనవాళ్ళు ఓడిన రాత్రి మన హాస్టల్ టీవీ గదిలో కోచ్‌కి పడే తిట్లు మిత్రులందరికీ తెలిసినవే. మరి పదికి ఒకటి తేడాతో ఓడిన కోచ్‌ని మనమైతే ఏం చేసేవాళ్ళం? మర్నాడే ఇంటికి పంపేవాళ్ళం. ఆ కోచ్ ఎవరో కాదు, మన హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరూ పిలిచే పేరు రహీమ్ సాబ్.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి డిగ్రీ పొందారు. విశ్వవిద్యాలయం జట్టుకి, తర్వాత సిటీ కాలేజీ కుర్రాళ్ళు పెట్టుకున్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టుకి ఆడారు. బతుకుతెరువుకి పంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడులలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటపాటల బాధ్యత చూశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

ఆయన గొప్పతనమంతా ఈ పంతులుతనంలోనే ఉందని నా అభిప్రాయం. కుడికాలితో బాగా తన్నేవాడు జీవితాంతం కుడికాలినే నమ్ముకుంటాడు. అందుకని రహీమ్ సాబ్ బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టారు. ఇంకో పోటీలో బంతిని ఎవరూ కాళ్ళ దగ్గర ఉంచుకుని పరిగెత్తకూడదు, అందిన వెంటనే తోటివాడికి ఇచ్చెయ్యాలి. ఒంటరిగా నలుగురిని తప్పించుకుంటూ పోతే ప్రేక్షకులు చప్పట్లు కొట్టే కాలమది. అలాంటి చోట బంతి నీది కాదు, జట్టుది అని నేర్పడం మాటలు కాదు.

ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్ కూడా పలుమార్లు తెచ్చింది. 1956-57లోనూ 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. కలకత్తా వాళ్ళకి తప్ప మరెవరికీ ఫుట్‌బాల్ రాదనుకునే రోజుల్లో ఇదంతా జరిగింది.

మళ్ళీ హెల్సింకికి వద్దాం. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మనవాళ్ళు ఇరాన్‌ని ఒక గోల్ తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచారు. కోచ్ రహీమ్ సాబే. దానికి ముందు 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్ళు ఎక్కువమంది ఉత్తకాళ్ళతో ఆడి, ఫ్రాన్స్ చేతిలో రెండుకి ఒకటిగా మాత్రమే ఓడితే అందరూ మెచ్చుకున్నారు. ఉత్తకాళ్ళు మనకి గొప్పగా కనిపించాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి, హెల్సింకి చలిలో అవే ఉత్తకాళ్ళు నవ్వులపాలు చేశాయి. పైగా మన దేశంలో అప్పటి పోటీలు తొంభై నిమిషాలు సాగేవి కావు. తక్కువసేపు ఆడటానికి అలవాటుపడిన ఒళ్ళు చివరిదాకా ఎలా నిలుస్తుంది? ఎదుటిపక్షం కూడా సామాన్యమైనది కాదు, ఆ ఏడు వెండి పతకం గెలిచిన జట్టు.

అభిమానుల కోపం తప్పని నేను అనను. డబ్బు పెట్టి, మనసు పెట్టి చూసేవాడికి కోపం రాకపోతే ఆటే లేదు. కానీ కోపం వచ్చినప్పుడు మనకి కనబడే మొహం ఒక్కటే, గీత అవతల నిలబడ్డ కోచ్‌ది. బూట్లు కొనని సంఘాలూ, పోటీల సమయం తగ్గించిన నియమాలూ కనబడవు. ఆ ఓటమి తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. అంటే లోపం ఎక్కడుందో పెద్దలకీ తెలిసిందన్నమాట. ఒక్క పరీక్ష పోతే ఇక చదువు చాలు, పనికి రా అనే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. మళ్ళీ రాయడానికి ఇంకో అవకాశం దొరకడం అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రహీమ్ సాబ్‌కి ఆ అవకాశం దొరికింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి మళ్ళీ ఆయనే కోచ్. కొన్ని దేశాలు పోటీ నుంచి తప్పుకోవడం కలిసివచ్చిన మాట నిజమే. కానీ ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డమీదే నాలుగుకి రెండుగా ఓడించడం కలిసివచ్చింది కాదు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో ఎదురైంది ఎవరనుకున్నారు? అదే యుగోస్లావియా! మొదటి గోల్ మనదే. తర్వాత నాలుగు ఇచ్చుకుని ఓడిపోయాం. చివరికి నాలుగో స్థానం. పదికి ఒకటి నుంచి నాలుగుకి ఒకటి దాకా రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఈ కాలంలోనే సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకి చెందిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఆయన కంట్లో పడ్డాడు. రోజూ మైదానానికి రావడానికి బలరాం దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిలుకి రహీమ్ సాబే డబ్బులిచ్చేవారని బలరాం పెద్దయ్యాక చెప్పుకునేవాడు. ఆ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. రోమ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్ చివరిదాకా మనమే ముందున్నాం, ఆఖర్లో గోల్ ఇచ్చి సమానం చేసుకున్నాం. మిగతా రెండూ ఓడి గ్రూపులో అడుగున మిగిలాం. లెక్క మాత్రమే చూసేవాడికి అదీ వైఫల్యమే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో సున్నాకి రెండుగా ఓడాం. ఆ తర్వాత థాయిలాండ్‌ని గెలిచాం కానీ వెనక కాపుకాసే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మైదానం బయట సంగతి ఇంకా దారుణం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని మన దేశపు క్రీడా ప్రతినిధి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనం మన ఆటగాళ్ళు ఎక్కడ కనిపించినా గేలిచేసేవారు. ఒంట్లో జబ్బు ముదురుతున్న రహీమ్ సాబ్ ఆ కేకల మధ్యే పనిచేశారు.

కుట్లు పడిన జర్నైల్‌ని వెనక నిలబెడితే బంతిని తలతో తోయడం కష్టం. ఆయన అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందుకి పంపి గోల్స్ చెయ్యమన్నారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంమీద జర్నైల్ గోల్ చేశాడు. ఫైనల్‌కి జ్వరం నుంచి అప్పుడే తేరుకున్న పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ని దించారు. అదీ మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఫైనల్ ముందు రోజు రాత్రి ఆయన తన కోసం ఒక కానుక కావాలని, ఆ కానుక బంగారు పతకమేనని ఆటగాళ్ళని అడిగారట. సెప్టెంబరు 4న, నిండిన స్టేడియం మొత్తం ఎదుటిపక్షాన అరుస్తుంటే, పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టి అదే దక్షిణ కొరియాని రెండుకి ఒకటిగా ఓడించారు.

పది నెలలు తిరగకుండానే, 1963 జూన్ 11న ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 53. 2024లో హిందీలో వచ్చిన మైదాన్ సినిమా వల్ల ఈ తరానికి కొంత తెలిసింది. సినిమా సినిమాయే, అందులో కల్పన ఉంది. ఆయన కథకి కల్పన అక్కర్లేదనిపిస్తుంది నాకు.

విచిత్రం ఏమిటంటే, అదే 2024లో అదే జూన్ 11న మన జట్టు ఖతార్ చేతిలో ఓడి ప్రపంచకప్ అర్హత పోటీల నుంచి వెళ్ళిపోయింది. ఆరు రోజుల్లో కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ని తీసేశారు. ఐదేళ్ళు చూశారు కాబట్టి అది అన్యాయమని నేను అనలేను. కానీ ఆ తర్వాత వచ్చిన మనోలో మార్క్వెజ్ ఏడాదికే వెళ్ళిపోయారు, ఆటలో మార్పు రాలేదు. ఇక రహీమ్ సాబ్ పోయాక 1964 టోక్యో ఒలింపిక్స్‌కి మనం అర్హత సాధించలేదు. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత జట్టు మళ్ళీ అడుగుపెట్టనే లేదు.