బెన్వెనూటో చెల్లీనీ

ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున 1500వ సంవత్సరము నవంబరు 3వ తేదీన ఒక వాద్యకారునకు కుమారుడు జన్మించెను. చిరకాలమునకు గలిగిన మగబిడ్డ యగుటచే తండ్రి యా శిశువునకు బెన్వెనూటో యని పేరిడెను. స్వాగతమని యా మాటకు వారి భాషలో నర్థము. కుమారుడు వేణువు వాయించుటలో మేటి కావలెనని తండ్రి కోరిక. బాలునకు వేణువునందు నేర్పు కలదు గాని ప్రీతి లేదు. పదునైదవ యేట నతడు తండ్రి వారించుచున్నను వినక, యొక స్వర్ణకారుని యొద్ద పనికి కుదిరెను.

నేర్చిన సంగీతము వృథా పోలేదు. రోము నగరమున నతని వాద్యమును విని ఏడవ క్లెమెంటు పోపు తన వాద్యబృందమున జేర్చుకొనెను. అయినను చెల్లీనీ మనస్సు సుత్తిమీదను పటుకారుమీదనే యుండెను. ఒకప్పుడు పోపు తన యుత్తరీయమును బిగించు పతకమునకై నమూనాలు కోరెను. తక్కిన పనివారందరు పెద్ద వజ్రమును దేవుని మూర్తి వక్షమున బొదిగిరి. చెల్లీనీ యా వజ్రమునే దేవునకు పీఠముగా నమర్చెను. పని యతనికే దక్కెను. ఆ పతకమిప్పుడు లేదు. నెపోలియనుకు చెల్లింపవలసిన ధనమునకై 1797లో దానిని కరగించిరి. ఫ్రాన్సు రాజునకై యతడు చేసిన బంగారు ఉప్పుపాత్ర మాత్రము మిగిలినది. దానిని 2003లో వియన్నా ప్రదర్శనశాలనుండి దొంగ యపహరింపగా, 2006లో అడవిలో పాతిపెట్టియుండగా కనుగొనిరి.

1545లో చెల్లీనీ స్వస్థలమునకు మరలి వచ్చెను. సర్పకేశిని యగు మెడూసా తలను దునిమి చేత బట్టిన పెర్సియసు వీరుని కంచు విగ్రహమును చేయుమని కాసిమో ప్రభువు కోరెను. చిన్న నగలు చేయువాడింత విగ్రహమును పోయగలడా యని పలువురు సందేహించిరి. పైకెత్తిన తల సరిగా రాదని ప్రభువే యనెను. తల వచ్చును గాని, యడుగుననున్న కుడిపాదము వరకు కంచు వేడితో దిగదని చెల్లీనీ బదులు చెప్పెను.

మైనపు బొమ్మపై మట్టి పూసి, మైనమును కరగించి తీసివేసి, యా ఖాళీలో కంచు పోయవలెను. మన స్థపతులు పంచలోహ విగ్రహములను చేయు పద్ధతియు నిట్టిదే. కొలిమి మండుచుండగా కప్పునకు నిప్పంటుకొనెను. వెలుపల వానయు గాలియు. చెల్లీనీకి తీవ్రమైన జ్వరము వచ్చి మంచమెక్కెను. ఇంతలో నొక పనివాడు వచ్చి అంతయు చెడినదని చెప్పెను. కొలిమిలో కంచు గడ్డకట్టుచుండెను! అతడు మంచము దిగి పరుగెత్తి, ఎండిన ఓకు కట్టెలు వేయించెను. లోహము కరగెను గాని పారదయ్యెను. మిశ్రమములోని తగరము మంటకు తరిగిపోయెనని గ్రహించి, యింటనున్న తగరపు పళ్లెములను, గిన్నెలను, సుమారు రెండు వందలు, కొలిమిలో వేయించెను.  కంచు పారెను, మూస నిండెను. రెండు దినములు చల్లార్చి చూడగా తల చక్కగా నుండెను. కుడిపాదపు వ్రేళ్లే కొరవడెను.

1554లో విగ్రహమును నగర మధ్యమున నిలిపిరి. నేటికిని అది యచటనే యున్నది.

చెల్లీనీ సాధువు కాడు. కోపమున మనుష్యులను చంపెను, కారాగారమున నుండెను. దానిని దాచుట చరిత్ర కాదు. 1558 మొదలు, తాను పని చేయుచునే, పదునాలుగేండ్ల బాలునిచేత తన కథ వ్రాయించెను. అందు స్వోత్కర్ష మెండు. కొలిమి వృత్తాంతమును మనకు తెలిపినదియు నా గ్రంథమే. 1571 ఫిబ్రవరి 13న నతడు మరణించెను. గ్రంథము 1728లో గాని యచ్చు కాలేదు.