నాగలి పట్టిన చేత పుస్తకం

చదువుకునే పిల్లలున్న ఇళ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు అలసట. పుస్తకం తెరవగానే కళ్లు మూతలు పడతాయి, చదివింది తలకెక్కదు. పగలు తండ్రికి చేదోడుగా వరిమడిలోనో, రొయ్యల గుంట దగ్గరో, దుకాణంలోనో పనిచేసి రాత్రి చదువుకు కూర్చునే పిల్లలకు ఈ బాధ మరీ ఎక్కువ. అలాంటి వారు తెలుసుకోదగిన జీవితం, మన నెల్లూరు సీమకే చెందిన కవికోకిల దువ్వూరి రామిరెడ్డి గారిది.

ఆయన 1895 నవంబరు 9న గూడూరులో జన్మించారు. పెమ్మారెడ్డిపాళెంలో సేద్యం చేసుకున్న రైతు. దాదాపు ఇరవయ్యేళ్లు వచ్చేవరకు ఆయనకు చదువు మీద ధ్యాసే లేదు. మనసంతా పొలం మీదే. ఆ వయసులో చదవాలన్న పట్టుదల కలిగింది. అయితే పొలం పని మానలేదు. తెల్లవారుజామునే లేచి నాగలి పట్టి పొలానికి వెళ్లేవారు. పొద్దెక్కిన తర్వాత ఇంటికి వచ్చి పుస్తకం పట్టేవారు. అమరకోశం, ఆంధ్రనామసంగ్రహం వంటి నిఘంటు గ్రంథాలను ఈ విధంగానే ఏడాదిపాటు పట్టుదలతో అధ్యయనం చేశారు.

ఈ దినచర్యను కాస్త గమనించండి. ఒంటికి శ్రమ కలిగించే పని చల్లని వేళకు సరిపోయింది. చదువుకు పగటి వెలుతురు దక్కింది. దున్ని వచ్చిన మనిషికి అలసట ఉండదని కాదు. కానీ చదువు రోజంతటి పనులూ ముగిశాక మిగిలిన నిద్రమత్తు ఘడియలకు వాయిదా పడలేదు. దానికంటూ ఒక వేళ ఏర్పడింది.

ఫలితం త్వరగానే కనిపించింది. 1917లో ‘నలజారమ్మ అగ్నిప్రవేశం’ కావ్యం రాశారు. 1918లో విజయనగరంలో జరిగిన కవితా పోటీలో ఆయన ‘వనకుమారి’ ప్రథమ స్థానం పొందింది. రైతు బతుకు మీద ‘కృషీవలుడు’ రచించారు. ఫారసీ నేర్చుకొని ఉమర్ ఖయ్యాం రుబాయీలను ‘పానశాల’ పేరుతో తెలుగు చేశారు. ఆ కావ్యంలోని భావాలతో ఏకీభవించాలా లేదా అన్నది వేరే విషయం. ఇరవయ్యేళ్ల దాకా పుస్తకం ఊసెత్తని రైతు పరాయి భాషను అంతగా వశపరచుకోవడమే మనం గ్రహించవలసింది. 1929లో ఆయనకు ‘కవికోకిల’ బిరుదు లభించింది. 1947 సెప్టెంబరు 11న కన్నుమూశారు.

ముస్లిం కుటుంబాలకు ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. మన రోజు ఫజ్ర్ నమాజుతోనే మొదలవుతుంది. తన అనుచర సమాజానికి ఉదయపు వేళలో శుభం ప్రసాదించమని దైవప్రవక్త (స) దుఆ చేశారు. అలాగే రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను వారించి, శరీరానికీ కళ్లకూ మనపై హక్కు ఉందని బోధించారు. నమాజులో కునికిపాట్లు వస్తే నిద్ర తీరేవరకు పడుకోమన్నారు. ఆరాధన విషయంలోనే ఇంతటి సడలింపు ఉంటే, పరీక్షల పేరుతో రాత్రుళ్లు నిద్రమాని ఒంటిని హింసించుకోవడం ఎంతవరకు సబబు?

కనుక తల్లిదండ్రులు పిల్లలను సోమరులని నిందించే ముందు వారి రోజు ఎలా గడుస్తోందో ఒకసారి చూడాలి. ఇంటి పని తప్పనిసరైతే చేయించండి. దానితోపాటు చదువుకు పగలు ఒక గంటైనా వదిలిపెట్టండి. ఇషా తర్వాత టీవీ, ఫోన్ కట్టేసి త్వరగా పడుకోనివ్వండి. ఫజ్ర్‌కు మీరూ లేచి వారిని లేపండి. విద్యార్థులు కూడా ఒక్క రాత్రిలో పుస్తకమంతా మింగేయాలని చూడకుండా, రోజుకు కొంత చొప్పున ఏడాది పొడవునా చదవాలి. హిఫ్జ్ చేసే పిల్లలు ఖుర్ఆన్‌ను హృదయస్థం చేసుకునేది ఈ పద్ధతిలోనే కదా!

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దాన్ని ఆర్జించే ఓపికను, ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.