ఫ్రెడరిక్ బాంటింగు

కెనడా దేశమున ఆంటారియో రాష్ట్రములో ఆలిస్టన్ అను చిన్న పట్టణము కలదు. దాని చేరువనున్న ఒక వ్యవసాయ కుటుంబములో 1891వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఫ్రెడరిక్ గ్రాంట్ బాంటింగు జన్మించెను. తల్లిదండ్రులకు కలిగిన ఐదుగురు బిడ్డలలో ఈయనయే కడగొట్టువాడు. మనము బాలల దినోత్సవము జరుపుకొను నాడే ప్రపంచమంతటను మధుమేహ దినము జరుగుచున్నది. అది ఈయన జన్మదినమును పురస్కరించుకొని ఏర్పడినదే.

బాంటింగు చదువులో చురుకైనవాడని చెప్పుటకు వీలు లేదు. 1910లో టొరాంటో విశ్వవిద్యాలయమున చేరి మొదటి సంవత్సరపు పరీక్షలోనే తప్పెను. రెండేండ్ల పిమ్మట వైద్యవిద్యలో ప్రవేశించెను. అంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. 1916 డిసెంబరులో పట్టము పుచ్చుకొని, సైనిక వైద్యుడుగా ఐరోపాకు వెళ్లెను. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సులోని కాంబ్రే యొద్ద ఫిరంగి గుండు ముక్క తగిలి చేయి గాయపడెను. అయినను ఆయన గంటల తరబడి తోటి క్షతగాత్రులకు కట్లు కట్టుచునే యుండెను. ఆ ధైర్యమునకు ప్రభుత్వము మిలిటరీ క్రాస్ పతకము నిచ్చెను.

యుద్ధము ముగిసిన పిమ్మట, 1920 జూలైలో, కెనడాలోనే లండన్ అను పట్టణమున వైద్యశాల తెరచెను. రోగులు రాలేదు. మొదటి నెల రాబడి నాలుగు డాలర్లు మాత్రమే. జీవనము గడచుటకై ఆ యూరి విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పుటకు ఒప్పుకొనెను. ఆ యేడు అక్టోబరు 30వ తేదీ రాత్రి క్లోమగ్రంథిని గూర్చిన పాఠమునకు సిద్ధపడుచు ఒక వైద్య పత్రికలోని వ్యాసమును చదివెను. పడుకొన్నను నిద్ర పట్టలేదు. రాత్రి రెండు గంటల వేళ లేచి, మనసున మెదలిన తలంపును పుస్తకమున వ్రాసికొనెను.

ఆ తలంపు విలువ తెలియవలెనన్న, మధుమేహమన నేమో కొంత తెలియవలెను. మనము తిన్న అన్నము జీర్ణమై చక్కెరగా మారి రక్తమున చేరును. అది కణములలో ప్రవేశించి శక్తినిచ్చుటకు ఇన్సులిన్ అను రసము కావలెను. క్లోమగ్రంథిలో దీవులవలె చెదరియున్న కొన్ని కణముల గుంపులు దానిని స్రవించును. పిల్లలకు వచ్చు మధుమేహములో ఆ కణములు నశించును. రక్తమునిండ చక్కెర యున్నను శరీరము ఆకలితో మాడును. చక్కెర మూత్రమున పోవును. ఆ మూత్రమునకు చీమలు పట్టుటను మన ప్రాచీన వైద్యులు ఏనాడో గుర్తించిరి. కాని 1920 నాటికి సైతము వైద్యులు చేయగలిగినది ఒక్కటే: ఆహారము తగ్గించుట. బిడ్డను పస్తులుంచి కొన్ని నెలలో, ఒకటి రెండేండ్లో బ్రతికించెడివారు. తిండి పెట్టిన వ్యాధి చంపును, పెట్టకున్న ఆకలి చంపును. తల్లిదండ్రులకు అంతకు మించిన నరకము వేరొకటి యుండునా?

క్లోమము నాళమును కట్టివేసినచో జీర్ణరసమిచ్చు భాగము క్షీణించి దీవులు మాత్రము మిగులునని, వానినుండి మందు తీయవచ్చునని బాంటింగు ఊహించెను. నాళము కట్టనక్కరలేదని తరువాత తేలినది. తొలి యూహ సరియైనది కాకున్నను, అది ఆయనను సరియైన త్రోవకు చేర్చెను. టొరాంటోలోని ఆచార్యుడు మాక్లియోడు మొదట సందేహించినను, ప్రయోగశాలను, కొన్ని కుక్కలను, ఛార్లెస్ బెస్ట్ అను యువకుని సహాయమును ఇచ్చెను. 1921 మే 17న పని మొదలయ్యెను. వేసవి యెండలో అనేక కుక్కలు చనిపోయెను. జూలై 30న క్లోమము తీసివేసిన ఒక కుక్కకు మందు ఎక్కింపగా దాని రక్తములోని చక్కెర తగ్గెను. డిసెంబరులో కాలిప్ అను రసాయనవేత్త వచ్చి మందును శుద్ధిచేయు పని చేపట్టెను.

1922 జనవరి 11న టొరాంటో ఆసుపత్రిలో లెనార్డ్ థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి తొలి సూది వేసిరి. వాని బరువు అప్పటికి 65 పౌనులు, అనగా ముప్పది కిలోలైనను లేదు. మందులో మలినములుండుటచే సూది గ్రుచ్చినచోట గడ్డ లేచెను, ఫలితము కొద్దిపాటిది. వైద్యులు ఆపివేసిరి. కాలిప్ పండ్రెండు దినములు రేయింబవళ్లు శ్రమించి మెరుగైన మందు సిద్ధపరచెను. జనవరి 23న దానిని ఎక్కించిరి. రక్తములోని చక్కెర 520 నుండి 120కి దిగెను. ఆ బాలుడు మరి పదమూడేండ్లు జీవించెను.

కాలిప్ కుందేళ్లపై పరీక్షించుచుండగా మరియొక సంగతి తెలిసెను. మోతాదు మించినప్పుడు చక్కెర మితిమీరి పడిపోయి, కుందేలు గిలగిల కొట్టుకొని స్పృహ తప్పెడిది. వెంటనే గ్లూకోజు ఎక్కించిన లేచి తిరిగెడిది. ప్రాణము పోయు మందే ప్రాణము తీయగలదని ఆ యింటి కుందేళ్లు మొట్టమొదట చెప్పెను. ఇన్సులిన్ కొలతయైన యూనిటు సైతము తొలుత కుందేళ్లపై దాని ప్రభావమును బట్టియే నిర్ణయింపబడెను.

ఆనాటి మందు పశువుల క్లోమమునుండి తీసినది. 1982లో సూక్ష్మజీవులచే చేయించిన మానవ ఇన్సులిన్, 1996లో లిస్ప్రో అను శీఘ్రముగ పనిచేయు ఇన్సులిన్ వచ్చెను. ఇది పావుగంటలో పని నారంభించి, గంట రెండు గంటలలో ఉధృతమై, నాలుగైదు గంటలలో ముగియును. కావున అన్నము ఎదుట సిద్ధముగ నుండగా మాత్రమే దీనిని వేసికొనవలెను. సత్తెనపల్లి ప్రాంతమున మిరపకాయలు కోయుటకు తెల్లవారుజామున చేనికి పోవు మనిషి సూది వేసికొని, అన్నపు డబ్బా గట్టుమీద పెట్టి, రెండు సాళ్లు కోసిన పిదప తిందమనుకొన్నచో ఆపద తప్పదు. ఒళ్లు వంచి చేయు పని చక్కెరను మరింత తగ్గించును. మొదటి మోతాదు బలము తీరకమునుపే చక్కెర తగ్గలేదని వైద్యుని అడుగక రెండవది వేసికొనుటయు అంతే ప్రమాదము. సీసాలలో మిల్లీలీటరునకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండును కలవు. నలువది గుర్తుల సిరంజితో నూరు యూనిట్ల మందు తీసినచో మోతాదు రెండున్నర రెట్లగును. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు కనబడినంతనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగి, పావుగంట తరువాత మరల చూచుకొనవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను.

ఇంతటి మందుపై హక్కును 1923లో బాంటింగు, బెస్ట్, కాలిప్ తలకొక డాలరునకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. ఆ యేడే బాంటింగునకు, మాక్లియోడునకు కలిపి నోబెలు బహుమానము వచ్చెను. బెస్టును విడిచి మాక్లియోడునకు ఇచ్చిరని బాంటింగు మండిపడి, తన సొమ్ములో సగము బెస్టునకు పంచెను. మాక్లియోడు తన భాగములో సగము కాలిప్‌కు ఇచ్చెను. బాంటింగు ఉదారుడే కాని ముక్కోపి. మాక్లియోడు లేనిదే ఆ పని సాగెడిది కాదన్న సంగతిని ఆయన ఎన్నడును మనసార ఒప్పుకొనలేదు.

1934లో ఆయనకు సర్ బిరుదము లభించెను. తీరిక వేళల చిత్రములు గీయుట ఆయనకు ప్రియమైన వ్యాపకము. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినంతనే మరల సైన్యమునకు పరిశోధనలు చేసెను. 1941 ఫిబ్రవరిలో ఇంగ్లండునకు పోవుచుండగా ఆయన యెక్కిన విమానము న్యూఫౌండ్‌లాండులోని మంచు అడవిలో కూలెను. 21వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటికి వయస్సు నలువది తొమ్మిదేండ్లు.

1922 ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ అను పదునాలుగేండ్ల బాలికను పస్తులతో ఎముకల గూడై యుండగా ఆయన యొద్దకు తీసికొని వచ్చిరి. ఆమె తండ్రి అమెరికా ప్రభుత్వమున మంత్రి. ఇన్సులిన్ వేసికొనుచు, అన్నము తినుచు కోలుకొనిన ఆమె కళాశాలలో చదివి, వివాహమాడి, బిడ్డలను పెంచి, 1981లో తన డెబ్బది మూడవ యేట మరణించెను.